సంఘమునకు సరకుబండ్లు: కొనుటకు ముందు కొలత



ఎద్దును కొనుటలో మన కెవ్వరును పాఠము చెప్ప నక్కఱలేదు. సంతలో పండ్లు చూచెదము, గిట్టలు చూచెదము, నడిపించి చూచెదము, కాడి కట్టి రెండు చాళ్లు దున్నించి చూచెదము. ఆ పిమ్మటనే తువాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరమాడెదము. ఒక యెద్దునకే యింత పరిశీలన చేయు మనము, వందలకొలది సభ్యుల వాటాధనముతో మోటారుబండిని కొనునపుడు మాత్రము పొరుగూరి సంఘమువారిని చూచి, యొక్క మధ్యాహ్నపు సమావేశములో తీర్మానము చేసివేయుదుము. ఈ లోపమును మేమును చేసియున్నాము. కావున బోధించువారివలె గాక, నష్టపడి నేర్చుకొనినవారివలె ఈ పాఠమును వ్రాయుచున్నాము.

2014వ సంవత్సరమున మా సంఘము పది టన్నుల లారీ నొకదానిని కొనెను. ఆ యేడు ఖరీఫు ఆరంభమున బాడుగలారీలు దొరకక వారము దినములు మా గిడ్డంగి ఖాళీగా నుండెను. వాన పడినది, పదును తప్పిపోవుచున్నది, యూరియా లేదు. సభ్యులు సంఘపు గుమ్మమునొద్ద నిలుచుండి మమ్ము నిలదీసిరి. ఆ కోపములోనే మహాజనసభ జరిగెను. ఆ కోపములోనే లారీ కొనవలయునని యేకగ్రీవముగా తీర్మానించితిమి. ఎంత సరకు, ఎన్ని దినములు, ఎంత దూరము అని యడిగినవా రొక్కరును లేరు.

మఱుసటి యేడు లెక్క చూడగా, లారీ నిజముగా పనిచేసినది తొంబది దినములు మాత్రమే. తక్కిన దినములు గిడ్డంగి ముందరి వేపచెట్టు క్రింద నిలిచియుండెను. కాయగూరల కొఱకు దానిని పంపుదమన్న, రెండు శివారు పల్లెల సందులలో నది దూరదు. కాలువమీది పాత తూము దాని బరువు నోర్వదు. సభ్యులు తమ బండ్లతో పెద్దరోడ్డు వఱకు సరకు తెచ్చి మరల లారీ కెక్కింపవలసి వచ్చెను. ఎగుమతి దిగుమతుల కూలి రెట్టింపయ్యెను. బ్యాంకు వాయిదా మాత్రము చెట్టు నీడను నిలువలేదు. 2018లో దాని నమ్మివేసితిమి. వచ్చిన సొమ్ము అప్పుశేషమునకు సరిపోయెను. నాలుగేండ్లు సభ్యులకు లాభాంశము పంచలేకపోతిమి. కొందఱు చిన్నరైతులు తమ వాటా వాపసు తీసికొని సంఘమును విడిచిపోయిరి. లారీ పోయినందుకు మాకు చింత లేదు; ఆ సభ్యులు పోయినందుకు నేటికిని చింత గలదు.

ఇప్పుడు మరల, టన్నున్నర మోయు చిన్నబండ్లు రెండు కొనవలయునను ప్రతిపాదన రాబోవు మహాజనసభ ముందునకు వచ్చుచున్నది. ఇతర సంఘములలోను ఇట్టి యాలోచనలు సాగుచున్నవి. మన దేశమున 1904 నాటి చట్టము పరపతి సంఘములకు మాత్రమే చోటిచ్చెను. 1912 నాటి చట్టము అమ్మకపు సంఘములు మున్నగువాటికిని చోటు కల్పించెను. 2023లో కేంద్ర ప్రభుత్వము ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కొఱకు పంపిన మాదిరి నిబంధనావళి 25కు మించిన వ్యాపారముల కవకాశ మిచ్చుచున్నది. అప్పులిచ్చుటతో ఆగక సరకు కొనుట, అమ్ముట, చేరవేయుట సంఘముల పనియగుచున్న కాలమిది. కావున బండి యవసరమా కాదా యను వివేచన యెల్లరకును కావలసియున్నది.

1. పనిని కొలుచుట

బండిని గూర్చి యాలోచించుటకు ముందు పనిని గూర్చి యాలోచింపవలయును. ఒక పుస్తకము తీసికొని పండ్రెండు నెలలకు పండ్రెండు పుటలు కేటాయింపుడు. ప్రతి పుటలోను నాలుగు సంగతులు వ్రాయుడు: ఏ సరకు, ఎన్ని క్వింటాళ్లు, ఎక్కడనుండి యెక్కడికి, ఎన్ని దినములు. గత రెండేండ్ల బాడుగరసీదులు, ఎరువుల చలానులు, మార్కెటు పట్టీలు చూచినచో ఈ లెక్క దొరకును. నోటిమాటతో వ్రాసిన లెక్క పనికిరాదు.

ఇట్లు వ్రాయగా ప్రతి సంఘమునందును రెండు విధములగు పనులు కనబడును. ఒకటి, ప్రతిదినము నుండు పని: కాయగూరలు, పాలు, దాణా వంటివి. రెండవది, ఋతువునుబట్టి యొక్కసారిగా వచ్చిపడు పని: ఎరువులు, విత్తనములు, వరికోతల నాటి ధాన్యము. మేము 2014లో చేసిన పొరబాటు రెండవ పనిని చూచి బండిని కొనుటయే. పెండ్లి కొఱకు వంటపాత్రలు అద్దెకు తెచ్చుకొందుము గాని, నూఱుమందికి వండు గంగాళమును కొని యింట నుంచుకొనము గదా.

కావున సూత్రమిది: సంవత్సరములో 250 దినముల కైనను తగ్గక పని యున్న బరువునకే సొంతబండి. అంతకు మించిన దానికి బాడుగబండి.

మఱి ఎరువుల కాలమున బాడుగబండ్లు దొరకనిచో నేమి గతి యని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. దానికి లారీ కొనుట జవాబు కాదు. వేసవిలోనే ఇద్దఱు ముగ్గురు లారీ యజమానులతో జూను, జూలై మాసముల కొఱకు వ్రాతమూలకముగా ఒడంబడిక చేసికొనవలయును. ఇంత బయానా, ఇన్ని దినముల ముందు కబురు, రానియెడల ఇంత తప్పు అని యందులో వ్రాయవలయును. వీలైనంత సరకును మే మాసముననే గిడ్డంగికి చేర్చవలయును. 2019 నుండి మే మిట్లే చేయుచున్నాము. ఆ తరువాత మా గిడ్డంగి యే ఖరీఫునందును బండి లేక ఖాళీగా నుండలేదు.

2. ఏ పనికి ఏ బండి

సరకులలో బరువు గలవి కొన్ని, చోటు పట్టునవి కొన్ని. టన్నున్నర బండిపై 45 కిలోల యూరియా బస్తాలు 33 మాత్రమే న్యాయముగా నెక్కును. అవి బండి యడుగున రెండు మూడు వరుసలుగా పరచుకొని, పైన చోటంతయు ఖాళీగా కనబడును. అప్పుడు డ్రైవరునకును మనకును ఆశ పుట్టును. అరువది బస్తాలు వేసినచో 2,700 కిలోలగును. కాయగూరల విషయము వేఱు. 25 కిలోలు పట్టు టమాటా పెట్టెలు 60 అయినచో టన్నున్నర. కాని వంకాయ, కొత్తిమీర, పూలు మున్నగునవి బరువు తూగకముందే చోటు నింపివేయును. కావున ఎరువులకు బరువు మోయు శక్తియు, కాయగూరలకు తొట్టి పొడవును చూడవలయును. రెండును మోయవలసిన బండి తొట్టిని మన పెట్టెలతో కొలిచి చూచిన గాని కొనరాదు.

బండ్ల తరగతులు స్థూలముగా నివి. టన్నులోపు మోయు నాలుగుచక్రముల చిన్నబండ్లు మొదటి తరగతి. 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత ఇవి పల్లెల సందులలోనికి ప్రవేశించినవి. టన్ను మొదలు రెండు టన్నుల వఱకు మోయు పికప్ బండ్లు రెండవ తరగతి. 1986లో వచ్చిన టాటా 407 వంటి మధ్యరకపు బండ్లు మూడవవి. ఆపైన లారీలు. మన సందుల వెడల్పు, తూముల బలము, మార్కెటు యార్డులో బండి త్రిప్పుకొను చోటు, ఈ మూడును స్వయముగా నడచి చూచి తరగతిని నిర్ణయింపవలయును.

ట్రాక్టరు ట్రాలీ యుండగా వేఱు బండి యెందుకని కొందఱందురు. పొలమునుండి గిడ్డంగికి ట్రాక్టరును మించినది లేదు. కాని వ్యవసాయపు పని కొఱకు రిజిష్టరు చేయించి, ఆ పనికే భీమా చేయించిన ట్రాక్టరుతో బాడుగకు దూరపు సరకు తోలినచో, ప్రమాదము జరిగిన దినమున భీమావారు తమకు బాధ్యత లేదని వాదింతురు. ట్రాలీకి వేఱుగా రిజిష్టరును, భీమాయు నుండవలయునను సంగతి చాలమంది మఱచుచున్నారు.

విద్యుత్తుతో నడచు మూడుచక్రముల సరకుబండ్లును వచ్చియున్నవి. పల్లెలలో కాయగూరలు ప్రోగుచేయుటకు, దినమునకు నిర్ణీతమైన కొద్దిదూరమునకు నివి పనికివచ్చును. ఇంధనపు ఖర్చు తక్కువ. కాని పూర్తిబరువుతో మన దారిపై ఒక్క చార్జికి ఎంత దూరము పోవునో నడిపి చూడవలయును. కాగితముపై వ్రాసిన దూరమును నమ్మరాదు. బ్యాటరీ హామీ యెన్ని యేండ్లో, తరువాత క్రొత్త బ్యాటరీ వెల యెంతయో ముందే వ్రాయించుకొనవలయును.

3. సొంతమా, బాడుగయా

ఇదియే పాఠమునకు గుండెకాయ. బండి వ్యయము రెండు విధములు. బండి నడచినను నడవకున్నను తప్పనిది స్థిరవ్యయము. నడచిన కొలది యగునది నడకవ్యయము. ఈ క్రింది లెక్కలో అంకెలు పాఠము కొఱకు మే మనుకొనినవి. ప్రతి సంఘమును తన యంకెలు వేసికొనవలయును.

టన్నున్నర బండి వెల, రోడ్డుమీదికి వచ్చుసరికి 10 లక్షల రూపాయలనుకొందము. ఎనిమిదేండ్ల తరువాత అమ్మిన 2 లక్షలు వచ్చుననుకొందము.

సాలునకు స్థిరవ్యయము:
తరుగుదల (8 లక్షలు ఎనిమిదేండ్లకు): 1,00,000
వడ్డి (సగటు పెట్టుబడి 6 లక్షలపై నూటికి 10): 60,000
భీమా: 40,000
డ్రైవరు జీతము (నెలకు 15,000): 1,80,000
పన్ను, పర్మిటు, ఫిట్‌నెసు, ఇతరములు: 20,000
మొత్తము: 4,00,000

కిలోమీటరునకు నడకవ్యయము:
డీజిలు (లీటరు 96 రూపాయలు, లీటరునకు 12 కిలోమీటర్లు): 8.00
టైర్లు: 1.00
సర్వీసు, మరమ్మతులు: 1.50
మొత్తము: 10.50

బాడుగబండి కిలోమీటరునకు, రానుపోను లెక్కకు, 25 రూపాయలనుకొందము. ఇప్పుడు మార్కెటు 30 కిలోమీటర్ల దూరములో నున్నదనుకొనుడు. రానుపోను 60. సంవత్సరమునకు 300 దినములు.

దినమున కొక్క ప్రయాణమైనచో 18,000 కిలోమీటర్లు. సొంతబండి వ్యయము 4,00,000 రూపాయలును, నడకవ్యయము 1,89,000 రూపాయలును గలిసి 5,89,000. బాడుగ యైనచో 4,50,000. సొంతబండివలన 1,39,000 రూపాయల నష్టము.

దినమునకు రెండు ప్రయాణములైనచో 36,000 కిలోమీటర్లు. సొంతబండి వ్యయము 7,78,000. బాడుగ 9,00,000. సొంతబండివలన 1,22,000 రూపాయల లాభము.

అదే బండి, అదే డ్రైవరు, అదే దారి. ఒక్క ప్రయాణముతో నష్టము, రెండు ప్రయాణములతో లాభము. కిలో సరకునకు లెక్కించినచో, పూర్తిబరువున ఒక్క ప్రయాణమున 1 రూపాయి 31 పైసలు, రెండు ప్రయాణముల మీద 86 పైసలు, బాడుగకు 1 రూపాయి. ఈ యంకెలతో సొంతబండి బాడుగకు సమానమగుట కిలోమీటర్లు 27,600 దగ్గఱ, అనగా 300 దినములకు దినమునకు 92 కిలోమీటర్లు. ఇంతకు తక్కువ పని యున్న సంఘము బండి కొనరాదు. ఎంత ముచ్చటగా నున్నను కొనరాదు.

కావున బండి కొనుటకు ముందు దానికి రెండవ పనిని చూపవలయును. ఉదయము కాయగూరలైనచో మధ్యాహ్నము దాణాయా, విత్తనములా, పొరుగు సంఘపు సరకా? రెండు సంఘములు కలిసి ఒకే బండిని వంతులవారీగా వాడుకొనుట మఱియు మేలు. తిరుగు ప్రయాణమున ఖాళీగా రాక ఎరువు బస్తాలు తెచ్చినచో ఆ దారి ఖర్చు రెండు సరకులపై పడును. ఇది సొంతబండికిని బాడుగబండికిని సమానముగ మేలు చేయు సూత్రము.

4. అప్పు, వడ్డి, పన్ను

వడ్డి చెప్పు విధము రెండు తెఱగులు. ఎనిమిది లక్షల అప్పు, అయిదేండ్లు, నూటికి 8 అనుకొందము. తీర్చిన కొలది తగ్గు అసలుపై వడ్డి వేసినచో నెలవాయిదా సుమారు 16,220 రూపాయలు; మొత్తము వడ్డి సుమారు 1,73,000. అట్లుగాక, మొదటి అసలుపైననే అయిదేండ్లును వడ్డి కట్టించినచో, దీనినే ఫ్లాట్ వడ్డి యందురు, నెలవాయిదా 18,667 రూపాయలు, వడ్డి 3,20,000. రెండింటికిని నోటితో చెప్పునది నూటికి 8 యే. రెండవదానిలో నిజమైన వడ్డి ఇంచుమించు నూటికి 14 పడుచున్నది. కావున వడ్డి శాతమును గాక, మొత్తము కట్టవలసిన రూపాయ లెన్ని యని యడిగి వ్రాయించుకొనవలయును.

సరకుబండ్లపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 28 నుండి 18కి తగ్గెను. అంతకు పూర్వపు ధరలపట్టికను చూపి బేరమాడువారియెడ జాగ్రత్తగా నుండవలయును. సంఘము జి.ఎస్.టి. క్రింద నమోదై యున్నయెడల, సరకుబండిపై కట్టిన పన్నును తాను చెల్లింపవలసిన పన్నులో తగ్గించుకొను వీలుండవచ్చును. మనుష్యులు ప్రయాణించు కార్లకు సామాన్యముగా ఈ వీలు లేదు. ఆడిటరు నడిగి, బిల్లు సంఘము పేరును నంబరును వేయించి తీసికొనవలయును. అధ్యక్షుని పేర బిల్లు, సంఘము పేర అప్పు, ఇట్టి కలగాపులగము ఎన్నడును కూడదు.

5. చట్టము తెలిసికొనుట

బండి పుస్తకములో మొత్తము బరువు అని వ్రాసియుండును. అది బండి సొంత బరువును, సరకు బరువును కలిసిన హద్దు. బండి 1,700 కిలోలు, మొత్తము హద్దు 3,000 కిలోలైనచో సరకు 1,300 మాత్రమే. మొత్తము బరువు 3,000 కిలోలకు మించని సరకుబండికి 1988 నాటి మోటారువాహనముల చట్టము 66వ సెక్షను ప్రకారము పర్మిటు అక్కఱలేదు. మించినదానికి కావలయును. హద్దుకు మించి బరువు వేసినచో 2019 నాటి సవరణ ప్రకారము 194వ సెక్షను క్రింద 20,000 రూపాయలును, అదనపు టన్నునకు 2,000 రూపాయల చొప్పునను జరిమానా. పైబరువు దింపించు ఖర్చును మనదే. ఒక్క జరిమానాతో నెలల లాభము పోవును. బ్రేకులు పట్టక పోవు ప్రాణమునకు వెల కట్టువా రెవ్వరు?

క్రొత్త సరకుబండి ఫిట్‌నెసు రెండేండ్లు చెల్లును. తరువాత ఎనిమిదేండ్ల వయస్సు వఱకు రెండేండ్ల కొకసారి, ఆపైన ప్రతి సంవత్సరము నూతనపఱచవలయును. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, మొత్తము బరువు 7,500 కిలోలకు లోపైన సరకుబండిని తేలికబండి లైసెన్సు గలవాడు వేఱు అనుమతి లేకయే నడుపవచ్చునని తీర్పు చెప్పెను. లైసెన్సు గడువు మాత్రము సంఘమే చూచుకొనుచుండవలయును.

అన్నింటికంటె ముఖ్యమైనది సరకుబండిపై మనుష్యుల నెక్కించుట. పెండ్లికి, జాతరకు, కూలిపనికి బస్తాలపై కూర్చుండి పోవుట మన పల్లెలలో వాడుక. సరకుబండిలో ఊరక యెక్కిన ప్రయాణికునికి నష్టపరిహార మిచ్చు బాధ్యత భీమా కంపెనీకి లేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. సరకు యజమానికిని, అతడు పంపిన ప్రతినిధికిని 1994 నాటి సవరణవలన రక్షణ గలదు. తక్కినవారికి ప్రమాదమైనచో ఆ భారము బండి యజమానిదే. అనగా సంఘముది, అనగా మన యందఱిది. బండితో పోవు హమాలీలు పాలసీలో చేరిరా లేదా యని భీమావారినుండి వ్రాతమూలకముగా తెలిసికొనవలయును. "మా వాడే గదా, ఎక్కనిమ్ము" అను మంచితనము ఒక కుటుంబమును, ఒక సంఘమును గూడ కూల్చగలదు.

6. అంగడిలో బేరము

మూడుచోట్ల ధరలు వ్రాతమూలకముగా తెప్పింపవలయును. ప్రతిదానిలోను బండి వెల, రిజిష్టరు ఖర్చు, భీమా, తొట్టి ఖర్చు వేఱువేఱుగా నుండవలయును. భీమాను అంగడివారియొద్దనే చేయింపవలయునను నిర్బంధము లేదు, వెలుపలను విచారింపవచ్చును. హామీ కాలము, సర్వీసుశాల యెంత దూరము, మామూలు విడిభాగములు సమీప పట్టణమున దొరకునా, ఇవి వెలకంటె ముఖ్యములు. వెలలో 20,000 తగ్గించి, మరమ్మతునకు 80 కిలోమీటర్లు పొమ్మను బండి చౌక కాదు. ఏనుగును కొని అంకుశమునకు బేరమాడినట్లు, బండిని కొని తొట్టిపై కప్పు టార్పాలినుకు, త్రాళ్లకు వెనుదీయుటయు తప్పే.

2020 ఏప్రిల్ 1 నుండి అమ్మబడు బండ్లు బి.ఎస్. 6 తరగతివి. వీనిలో పెద్ద డీజిలుబండ్లకు చాలవాటికి డీజిలుతో పాటు యూరియా ద్రావణము వేఱొక తొట్టిలో పోయవలయును. ఇది నూటికి 32.5 పాళ్ల శుద్ధ యూరియా. మన గిడ్డంగిలో యూరియా యున్నదిగదాయని నీటిలో కలిపి పోయరాదు. ఎరువు యూరియా 2015 నుండి సామాన్యముగా వేపనూనె పూసి వచ్చుచున్నది. ఆ నూనెయు మలినములును పొగ శుద్ధిచేయు యంత్రమును పాడుచేయును. ఆ ద్రావణపు ఖర్చును నడకవ్యయములో చేర్చుకొనవలయును.

పాతబండి కొనదలచినవారు రిజిష్టరు పుస్తకము, ఫిట్‌నెసు, పన్ను రసీదులు, చెల్లింపని చలానులు చూడవలయును. బండిపై అప్పున్నచో అప్పిచ్చినవారు సంతకముచేసిన 35వ నంబరు ఫారమును, పేరు మార్పునకు 29, 30 నంబరు ఫారములును చేతికి వచ్చిన పిమ్మటనే పూర్తిసొమ్ము చెల్లింపవలయును. మనకు తెలిసిన మేస్త్రీని వెంటగొనిపోయి, పూర్తిబరువు వేసి, ఎత్తుదారి నెక్కించి చూడవలయును. కాడి కట్టక యెద్దును కొనము గదా.

రెండు మూడు బండ్లు కొనదలచినచో అన్నియు నొక్క రకమే యగుట మేలు. టైర్లు, వడపోతలు, బెల్టులు ఒకదానికొకటి పనికివచ్చును. మేస్త్రీకి చేయి అలవడును. ఒక్క పెద్దబండికంటె రెండు చిన్నబండ్లకు డ్రైవరు జీతము రెట్టింపు. కాని యొకటి చెడిన దినమున రెండవది కాయగూరలను చెడనీయదు. ఈ రెండును తూచి నిర్ణయింపవలయును. ఎన్ని కొనదలచినను, ఒక్కసారిగా కొనక, మొదటిదాని యేడాది లెక్క చూచి రెండవది కొనుట క్షేమము.

7. కొనిన తరువాత

పదిమందిలో పాము చావదని సామెత. అందఱి బండి యెవ్వరి బండియు కాదు. 2014 నాటి మా లారీని కార్యవర్గ సభ్యులు కొందఱు తమ యిటుకలకు, ఇసుకకు ఊరకనే వాడుకొనిరి. ఒకరు వాడగా మఱియొకరు వాడిరి. అడుగవలసినవారమే వాడితిమి గనుక అడుగువారు లేకపోయిరి. కావున ఈ నియమములను కొనుటకు ముందే మహాజనసభలో తీర్మానింపవలయును:

బండి నంపుటకు ఆజ్ఞ యిచ్చువాడు ఒక్కడే యుండవలయును. అధ్యక్షుడైనను, సామాన్య సభ్యుడైనను ఒకే బాడుగ చెల్లింపవలయును, అరువు లేదు.

ప్రతి ప్రయాణమునకు పుస్తకములో తేది, కిలోమీటర్ల అంకె, సరకు, బరువు, డీజిలు వ్రాసి డ్రైవరు సంతకము చేయవలయును. నెలకొకసారి లీటరునకు కిలోమీటర్లు లెక్కించి సంఘపు గోడపై అంటింపవలయును. అంకె తగ్గినచో యంత్రములోనో, మనుష్యులలోనో దోషము గలదు.

తరుగుదల సొమ్ము, మన లెక్క ప్రకారము నెలకు 8,333 రూపాయలు, వేఱు ఖాతాలో వేయవలయును. దానిని వేఱు పనికి వాడరాదు. ఎనిమిదేండ్లకు ఆ నిధియు, పాతబండి నమ్మిన సొమ్మును కలిసి రెండవ బండిని అప్పు లేకుండ తెచ్చును.

డ్రైవరునకు జీతము సకాలమున నీయవలయును. వారమున కొక దినము సెలవీయవలయును. రాత్రి నిద్ర లేనివానిచేత తెల్లవారుజామున మార్కెటుకు బండి తోలింపరాదు.

ముగింపు

మా సంఘపు గత రెండేండ్ల రసీదులను ఈ విధముగ లెక్కించి చూచితిమి. ఒక బండికి దినమునకు 92 కిలోమీటర్లకు మించిన పని యున్నది. రెండవదానికి లేదు, టమాటా కోతల రెండు మాసములలో మాత్రము కలదు. కావున రెండు బండ్లు కొనవలయునను ప్రతిపాదనను, ఒక బండిని కొని, కోతల కాలమునకు రెండవదానిని ఒడంబడికపై బాడుగకు తెచ్చునట్లు సవరింపవలయునని మేము మహాజనసభలో కోరనున్నాము. ఇది కొందఱకు పిఱికితనముగా తోచవచ్చును. కాని సంఘపు పెట్టెలోని ప్రతి రూపాయియు ఒక సభ్యుడు తన యింట నొక యక్కఱను ఆపుకొని యిచ్చినది. దానిని చెట్టు క్రింద నిలుపుట కెవ్వరికిని హక్కు లేదు. నాడు వెడలిపోయిన సభ్యులలో నిరువురు ఈ యేడు మరల వాటా కట్టిరి. వారి నమ్మకమును నిలుపుకొనుటయే మన ముందున్న పని.

సభ్యులు తమ తమ పల్లెలలో కూడి చర్చించుకొనుటకు ప్రశ్నలు:

1. మీ పల్లెనుండి దినమునకు ఎన్ని కిలోల సరకు, సంవత్సరములో ఎన్ని దినములు మార్కెటునకు పోవుచున్నది?
2. ఇప్పుడు మీరు కిలోకు ఎన్ని పైసలు బాడుగ యిచ్చుచున్నారు?
3. మీ సందులలో, తూములపై ఎంత బరువు బండి క్షేమముగా రాగలదు?
4. బండికి మధ్యాహ్నమున మీరు చూపగల రెండవ పని యేది?
5. సరకుబండిపై మనుష్యుల నెక్కింపరాదను నియమమును మీ యింటి పెండ్లినాడును పాటింప సిద్ధమేనా?

ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాసికొని మహాజనసభకు రావలసినదిగా సభ్యుల నెల్లర కోరుచున్నాము.